సొనతో సహా

బాలరాట్‌లో జూలై నెల. ఐదైనా చీకటే.
బస్సు డిపోకి బయల్దేరే ముందు
పొయ్యి మీద గిన్నెలో నాలుగు గుడ్లు
ఒకదాన్నొకటి తట్టుకుంటాయి,
గోడకవతల ఆడవాళ్ళు
గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు.

ఆరేళ్ళు నేను పచ్చసొన ముట్టలేదు.
గుడ్డు పగలగొట్టి, ఒక చిప్పలోంచి ఇంకో చిప్పలోకి
అటూ ఇటూ ఒంపి,
తెల్లది గిన్నెలోకి, పచ్చది సింకులోకి.
చెయ్యి తిరిగిన పని.
ఏ కంసాలీ బంగారాన్ని
అంత నేర్పుగా పారబోసి ఉండడు.

ఎవరో చెప్పారు. ఎక్కడో చదివాను.
ఒకరు వారానికి మూడన్నారు, ఒకరు అసలు వద్దన్నారు,
ఇంకొకరు రోజుకి ఆరు మింగి
అద్దం ముందు చొక్కా విప్పి చూపించారు.
కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే
ఇన్నాళ్ళూ మాటవరస అనుకున్నాను,
అదొక వృత్తి.

కొన్నాళ్ళు డబ్బాలో వచ్చే తెల్లసొన కూడా కొన్నాను,
పాలలా ఒంపుకునేది.
పెనం మీద రబ్బరు ముక్కలా లేచేది,
ఏ కోడినీ ఎరగనట్టు.
రుచి అడిగితే, తడిసిన సున్నపు గోడ.

సేలా నవ్వింది.
మా జిమ్ములో బరువులెత్తడం నేర్పే టోంగా మనిషి,
తలుపంత భుజాలు, జోలపాడే గొంతు.
"మొత్తానికి డబ్బులిచ్చి
సగం కాలవలో పోస్తావా?
నీ కోడి ఏమనుకుంటుంది?"

నా కోడి!
కోళ్ళు డోరీన్‌వి. మూలింటి గేటు దగ్గర
పాత ఐస్‌క్రీం డబ్బా, మూతకి చీలిక,
డజను ఏడు డాలర్లు, నమ్మకం మీద.
ఆ గుడ్లకి ఒక్కోసారి
నిజంగానే ఈక అంటుకుని ఉంటుంది.

బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో
అమ్మ గుడ్డుని దారంతో కోసేది.
కత్తయితే సొన దానికే అంటుకుపోతుందని.
ఒక కొస పళ్ళ మధ్య, ఇంకో కొస వేలికి చుట్టి.
మేం నలుగురం
గుడ్లప్పగించి చూసేవాళ్ళం, ఆ ఒక్క గుడ్డునీ.
ఎవరి ముక్కలో పచ్చది గోరంత ఎక్కువొచ్చినా
ఆ పూట యుద్ధమే.
చివర దారానికి మిగిలిన పసుపుని
అమ్మ నాకేది.
అది ఆమె వాటా అని
మాలో ఎవరికీ తోచలేదు.

సింకు ముందు నిలబడి ఉండగా
ఇదంతా గుర్తొచ్చిందంటే బాగుండేది.
అలా జరగలేదు.
మొదటిసారి డెబ్బై కిలోలు నేల మీంచి లేపిన రాత్రి
ఆకలేసింది, అంతే.
వేరుచేసే ఓపిక లేదు.
ఉప్పు, మిరియప్పొడి, మొత్తం నోట్లో.
నాలుక మీద అది మెత్తగా విడిపోతుంటే
ఫ్రిజ్‌కి ఆనుకుని కాసేపు నిలబడిపోయాను.
దారం సంగతి తరవాత, పడుకున్నాక.

రక్తపరీక్ష కాగితం అదే ఫ్రిజ్ మీద
అయస్కాంతం కింద వేలాడుతోంది.
ఒక అంకె గీత దాటింది, కొద్దిగా.
డాక్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి
"వెన్న తగ్గించు, మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం" అంది.
మరి గుడ్లో? అన్నాను.
భుజాలెగరేసింది.
నలభై తొమ్మిదేళ్ళ నా భుజాలు
ఈమధ్య ఎగరెయ్యాలంటే కాస్త బరువు.
అందుకే ఊరుకున్నాను.

డిపోలో ఇంజను వేడెక్కేదాకా
డ్రైవరు సీట్లోనే నా పలహారం.
మూడో గుడ్డు ఎక్కువ ఉడికింది,
సొన చుట్టూ బూడిదాకుపచ్చ గీత. అదీ తిన్నాను.
అద్దాలకి ఆవిరి పట్టింది.

మొదటి స్టాపులో
బడి సంచీ కుర్రాడొకడు చలికి గెంతుతున్నాడు.
లోపలికి రాగానే ముక్కు మూసుకుంటాడు, తెలుసు.
బొటనవేలికి అంటినదాన్ని నాకేసి
తలుపులు తెరిచాను.